తడి తూకం

బాపయ్య రోజూ పొద్దున్నే వడ్ల కాటా ఎక్కుతాడు. ఆ శుక్రవారం కూడా ఎక్కాడు.

కొట్టంలో ఒక పక్క కప్పు దాకా వడ్ల బస్తాలు. వాటిని ఆనుకుని ఇనప పలక కాటా, దానికో నిలువు కడ్డీ, కడ్డీ మీద ఎర్ర అంకెల డబ్బా. పంచె, బనీను, చేతిలో కర్రతో ఆయన పలక మీద సర్దుకుని నిలబడేదాకా కోడలు మేఘ గుమ్మం దగ్గరే ఆగింది. నాలుగడుగుల దూరం నుంచి కూడా అంకెలు బాగానే కనిపిస్తాయి. అంతకంటే దగ్గరికి పోవాలని ఆమెకు లేదు. ముసలాయన ఒంటి నుంచి చెమట, కఫం, తడిసి ఆరిన పంచె కలిసిన వాసన వస్తోంది.

“ఎంతమ్మాయ్?” అన్నాడు బాపయ్య.

“అరవై నాలుగున్నర, మామా. నిన్న ఉన్నంతే.”

“చూశావా... రాయిలా ఉన్నాను.” ఆ రెండు మాటలకే ఆయన రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

మేఘ నోటు పుస్తకంలో రాసుకుంది. పైన వరసగా అయిదు రోజులూ అదే అంకె. ఒంట్లో నీరు ఉచ్చగా దిగే బిళ్ళను ఆయన అరచేతిలో పైనుంచి జారవిడిచి, గ్లాసు బస్తా మీద పెట్టి బయటికొచ్చేసింది.

ఫిబ్రవరిలో బాపయ్యకు గుండెపోటు వచ్చింది. మేఘ రాయచూరులో స్టాఫ్ నర్సుగా పనిచేసే గుండె వార్డులోనే పదకొండు రోజులున్నాడు. ప్రాణం దక్కింది కానీ గుండె బలంలో మూడో వంతే మిగిలింది. గుండె నెత్తురును సరిగా తోయలేకపోతే ఒంట్లో నీరు నిలుస్తుంది. ముందు కాళ్ళలో, తర్వాత ఊపిరితిత్తుల్లో. అందుకే ఉప్పు తగ్గించాలన్నారు, నీళ్ళు కొలిచి తాగమన్నారు, రోజూ పరగడుపున తూకం చూడమన్నారు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. “ఈసారి ఊపిరితిత్తులు నిండితే మనిషిని వెనక్కి తేవడం కష్టం సిస్టర్,” అని డాక్టర్ మేఘను పక్కకు పిలిచి మరీ చెప్పాడు.

తూకానికని మేఘ రాయచూరులో చిన్న మిషను కొని తెస్తే బాపయ్య నవ్వాడు. “ఇది పిల్లలాడుకునేది. నేను వడ్ల కాటానే నమ్ముతాను.” రోగం సంగతి ఆయనకు ఎలా చెప్పాలా అనుకుంటుంటే మేఘకు ఆ మాటే దారి చూపింది. “వడ్లల్ల తేమ ఉంటే తూకం ఎక్కువ చూపుతది కద మామా? మీ ఒంట్ల కూడ గట్లనే. తేమ పెరిగితే తూకం పెరుగుతది. మనం రోజు తేమ చూస్తున్నం, అంతే.” బాపయ్య కాసేపు ఆలోచించి, “అయితే నన్ను ఆరబెట్టే పని నీదన్నమాట,” అన్నాడు. ఆ ఇంట్లో ఆయన కోడలితో నవ్వుతూ మాట్లాడడం అదే మొదలు.

జవళగేర దగ్గర, ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులో బాపయ్య వడ్లంటే మిల్లు వాళ్ళు తేమ మిషను పెట్టకుండానే దింపుకుంటారని పేరు. తడి వడ్లు ఒక్క బస్తా కూడా తోలడు. ఒకసారి మిల్లులో తూచేవాడు పలక కింద బొటనవేలు ఆనించి పట్టుబడితే, వాడి చొక్కా పట్టుకుని బజారు దాకా లాక్కొచ్చాడని అందరూ చెప్పుకుంటారు.

“అమ్మాయ్! చేతులు కడుక్కున్నావా?” వంటింట్లోంచి కేక. అత్త లక్ష్మీతిరుపతమ్మ.

“నేను ఏం ముట్టలేదు అత్తమ్మా. దూరం నుంచే చూసిన.”

“ముట్టకపోయినా కడుక్కో. బయట కుళాయి దగ్గర. ఆ ఎర్ర సబ్బు నీదే.”

ఎర్ర సబ్బు మేఘది. తెల్ల సబ్బు ఇంట్లో వాళ్ళది. పెళ్ళయిన రెండేళ్ళలో ఈ పద్ధతి మారలేదు. మేఘ తల్లి మహాదేవమ్మ రాయచూరులో ఇరవై రెండేళ్ళు ఆస్పత్రి ఆయాగా చేసి, రోగుల కింద బేసిన్లు ఎత్తి, కూతుర్ని బీఎస్సీ నర్సింగ్ చదివించింది. హరిబాబు ఇష్టపడి చేసుకున్నాడు. లక్ష్మీతిరుపతమ్మ పెళ్ళి ఆపలేకపోయింది కానీ చేతుల విషయంలో మాత్రం లొంగలేదు. “తల్లి ఎత్తింది బేసిన్లే, కూతురు ఎత్తేదీ బేసిన్లే. డిగ్రీ వస్తే చేతులు మారతాయా?” అని ఎదురుగానే అనేది. మేఘ పెరుగు తోడెయ్యకూడదు. ఆవకాయ జాడీ వైపు చూడకూడదు. అయినా మామగారు డిశ్చార్జి అయిన రోజు, “ఇంట్లో నర్సుండగా బయటి మనిషి ఎందుకు?” అని మొదట అన్నది కూడా ఆవిడే. రెండు నెలలు సెలవు పెట్టి రమ్మన్నారు. మేఘ పెట్టి వచ్చింది.

చేతులు వద్దు, చాకిరీ కావాలి. ఆ కోపాన్ని మేఘ రెండేళ్ళుగా మింగుకుంటూ వచ్చింది.

అది కిందటి శనివారం పొంగింది. అత్తకు కాస్త నలతగా ఉందని ముందురోజు సాయంత్రం మేఘ పాలు కాచి తోడేసింది. పొద్దున లేచిన లక్ష్మీతిరుపతమ్మ సంగతి తెలిసి, ఒక్క మాట మాట్లాడకుండా గిన్నెడు పెరుగూ తీసుకెళ్ళి గేదె కుడితిలో పోసింది. గిన్నెను మేఘ చూస్తుండగానే మూడుసార్లు తోమింది. గంట తిరక్కుండా, బిళ్ళ వేసుకున్న బాపయ్య మరుగుదొడ్డి దాకా పోలేక వసారాలోనే పంచె తడుపుకున్నాడు. మేఘ ఆ పంచెను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. రెండో చేత్తో పైట కొంగు ముక్కుకు గట్టిగా అదుముకుని, ఆయన ఎదురుగానే వాకిలంతా దాటి వెళ్ళింది. ఆయన చూస్తున్నాడని ఆమెకు తెలుసు. చూడనీ అనుకుంది. అసహ్యపడడం తనకు కూడా వచ్చని ఈ ఇంటికి తెలియాలి అనుకుంది.

ఆ రోజు నుంచి గుమ్మం దగ్గరి నుంచే అంకె చదువుతోంది.

చేతులు కడుక్కుని వచ్చేసరికి హరిబాబు వసారాలో టీ తాగుతున్నాడు. తండ్రి పక్కనున్న కఫం డబ్బా వైపు చూడకుండా కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చున్నాడు.

“సోమవారం నేను డ్యూటీకి పోతున్న,” అంది మేఘ. “సెలవు అయిపోయింది. ఇంక పెంచను.”

“అప్పుడేనా? నాన్న సంగతి?”

“మీ నాయనకు కొడుకువు నువ్వున్నవ్ గద? డబ్బా నువ్వు కడుగు.”

హరిబాబు టీ గ్లాసు కింద పెట్టేశాడు. “పొద్దున్నే ఆ మాటలెందుకు మేఘా! నీకు అలవాటు. నాకు చూస్తేనే వాంతొస్తుంది.”

“నాకేమన్న పుట్టంగనే అలవాటు అయిందా? ఈ ఇంట్ల అందరికి ముక్కులున్నయి. నాకొక్కదానికే లేదు!”

హరిబాబు నవ్వి తప్పించుకోబోయాడు. లేచి చెప్పులు తొడుక్కుంటూ, “ఇదేంటి, నాన్న చెప్పు ఎవరు కోశారు?” అన్నాడు.

మేఘ వంగి చూసింది. బాపయ్య తోలు చెప్పుల పట్టీ రెండింటికీ కొడవలితో కోసి ఉంది. తెగిన చోట తోలు ఇంకా పచ్చిగా కనిపిస్తోంది. ఆమెకు చప్పున అర్థమైంది. కాలు పట్టకపోతేనే ఎవరైనా పట్టీ కోసుకుంటారు.

బాపయ్య మంచం మీద మూడు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పంచె పాదాల మీదికంటా లాక్కున్నాడు. మేఘ అడగకుండానే పంచె పైకి జరిపి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టింది. వేలు తీస్తే గుంట అలాగే ఉండిపోయింది, తడి మట్టిలో అడుగు పడ్డట్టు. చర్మం మెరుస్తోంది. వాపు మోకాళ్ళు దాటింది.

“ఎన్ని దినాల నుంచి మామా ఇది?”

“ఎండకి... అంతే... తగ్గిపోద్దిలే.” ఆయన మాట మాటకీ ఆగుతున్నాడు.

తూకం పెరగలేదు, కానీ కాళ్ళ నిండా నీరుంది. మేఘ మనసులో లెక్క వేసుకుంది. తిండి సరిగా లేక కండ కరిగి, ఆ మేరకు నీరు చేరితే తూకం మారదు. వార్డులో అలాంటి వాళ్ళను చూసింది. మరి అంత నీరు నిలవాలంటే ఉప్పు లోపలికి పోతూ ఉండాలి. ఉప్పు ఎవరు పెడుతున్నారు?

ఆమె తిన్నగా వంటింట్లోకి నడిచింది.

లక్ష్మీతిరుపతమ్మ ఆవకాయకు మామిడికాయ ముక్కలు గుడ్డతో తుడుస్తోంది. గట్టు మీద పోయినేటి పాత జాడీ ఉంది. మేఘ వెళ్ళి దాని వాసెన గుడ్డ విప్పింది. మూత తీసి, ఎంత మిగిలిందా అని గరిటె పెట్టి కలిపి చూసింది.

వంటింట్లో పిడుగు పడ్డట్టయింది.

“జాడీ! నా జాడీలో చెయ్యి పెట్టావా? ఎవరి ముడ్లు కడిగిన చేతులో అవి!”

“చెయ్యి గాదు, గరిటె పెట్టిన. ఉగాదికి సగం ఉండె అత్తమ్మా. ఇప్పుడు అడుక్కొచ్చింది. ఎవరు తిన్నరు?”

“నేను తిన్నాను. హరిగాడు తిన్నాడు. కూలోళ్ళకి పెట్టాను. నీకు లెక్క చెప్పాలా?”

“మామకు పెట్టినవ్. మొగుడు సప్పిడి తింటున్నడని పాపం అనిపించి, నేను చూడనప్పుడు అన్నంల ఊట కలిపి పెట్టినవ్. కాళ్ళు చూసినవా ఎట్ల ఉబ్బినయో? ఆ ఉప్పు ఆయన్ను చంపుతది!”

లక్ష్మీతిరుపతమ్మ లేచి నిలబడింది. చేతిలోని ముక్క కింద పడింది. “నేను? నేను ఆయన్ని చంపుతన్నానా? రెండు నెలల్నుంచీ ఆయన కోసం విడిగా వండుతన్నా. ఆయన తినేదే నేనూ తింటన్నా. చప్పటి పప్పు, చప్పటి చారు. ఆయన ఎదురుగా కూచుని ఆవకాయ ఎలా తింటాననుకున్నావే? ఇందాక నేను తిన్నానన్నది నీ మీద ఒళ్ళు మండి!”

మేఘ ఒక్క క్షణం తడబడింది. అయినా తగ్గలేదు. “మరి నీరు ఏడికెల్లి వచ్చింది?”

“నన్నడుగుతావేం? రోజూ పొద్దున్నే తూచి పుస్తకంలో రాసేది ఎవరు? అరవై నాలుగున్నర, అరవై నాలుగున్నర అని పాట పాడేది ఎవరు? నీరొస్తే తూకం పెరగాలని నువ్వేగా చెప్పావు!” ఆవిడ చీర చెంగు బొడ్లో దోపింది. “నడు. నా ఎదురుగా తూచు. ఉప్పెట్టానో లేదో కాటాయే చెబుద్ది. ఒరేయ్ హరీ! మీ నాన్నని పట్టుకురా!”

“పొద్దున చూశారుగా,” అన్నాడు బాపయ్య మంచం మీద నుంచి. “మళ్ళీ ఎందుకు... నాకు ఓపిక లేదు.”

“ఓపిక తెచ్చుకోండి. మీ పెళ్ళాం మీద హత్యానేరం పడింది.”

హరిబాబు భుజం పట్టుకుని తండ్రిని కొట్టంలోకి నడిపించాడు. పది అడుగులకే ఆయన పిల్లికూతలు పెడుతున్నాడు. మేఘకు భయం మొదలైంది. అందరూ కాటా చుట్టూ చేరారు. స్థలం చాలక లక్ష్మీతిరుపతమ్మ బస్తాల పక్కకు, ఎప్పుడూ ఎవరూ నిలబడని మూలకు వెళ్ళింది. బాపయ్య పలక ఎక్కాడు. ఎర్ర అంకెలు పైకీ కిందికీ ఊగి, నెమ్మదిగా ఒకచోట కుదురుకున్నాయి.

అరవై నాలుగున్నర.

“ఇంకేం?” అంది మేఘ. “నేను చెప్పిందే...”

లక్ష్మీతిరుపతమ్మ అంకెల వైపు చూడడం లేదు. యాభై ఏళ్ళ నుంచి వడ్లు తూచే చోట నిలబడిన మనిషి. మొదట పలక అంచు చూడాలని ఆవిడకు నేర్పింది బాపయ్యే.

“కర్ర ఎక్కడ పెట్టారు?” అంది.

 బాపయ్య కర్ర పలక మీద లేదు. పలకకూ బస్తాలకూ మధ్య నేల మీద దిగి ఉంది. దాని పిడి మీద ఆయన అరచెయ్యి వేళ్ళు తెల్లబడేంత గట్టిగా నొక్కి ఉంది. అంకె తనకు కావలసిన చోట ఆగేదాకా ఆయన తన బరువును కొంచెం కొంచెంగా కర్ర మీదికి పంపుతున్నాడు.

“అయ్యో దేవుడా!” లక్ష్మీతిరుపతమ్మ ఆ కర్రను ఒక్క లాగు లాగింది.

బాపయ్య తూలాడు. హరిబాబు పట్టుకోబోయాడు.

“పట్టుకోకు!” మేఘ అరిచింది.

అంకెలు పరుగెత్తాయి. అరవై ఎనిమిది. డెబ్బై ఒకటి. డెబ్బై పాయింట్ ఎనిమిది దగ్గర ఆగిపోయాయి.

ఆరు కిలోల మూడు వందలు.  ఆరు లీటర్ల నీరు ఒంట్లో మోసుకుంటూ ఈ మనిషి రోజూ మేఘ ఎదురుగా నిలబడుతున్నాడు. తను గుమ్మం దగ్గర నిలబడి రాసుకుంటోంది.

“బిళ్ళలు?” అంది. “నేను ఇచ్చిన బిళ్ళలు మామా?”

బాపయ్య పలక మీదే చతికిలబడ్డాడు. బొడ్లోంచి చిన్న కాగితం పొట్లం తీసి కోడలి వైపు చాచాడు. అందులో ఆరు తెల్ల బిళ్ళలు ఉన్నాయి. “పారెయ్యలేదు,” అన్నాడు, అదొక సంజాయిషీ అయినట్టు. “మందు కదా.”

“జీవితంలో ఒక్క గింజ తప్పుతూకం తూచనోడివి!” లక్ష్మీతిరుపతమ్మ ఏడుస్తూ తిట్టింది. “ఇంట్లో వాళ్ళకే తప్పుతూకం పెట్టావా? ఎందుకయ్యా? ఏం ముంచుకొచ్చిందని?”

బాపయ్య తల ఎత్తలేదు. ఊపిరికీ ఊపిరికీ మధ్య మాటలు ఏరుకుంటూ చెప్పాడు. “అది వేసుకుంటే... ఆగదే. పంచె తడిసిపోద్ది. కోడలు... కడగాల. మొన్న శనివారం... పంచె పట్టుకుని ముక్కు మూసుకుంది. ఆ పిల్ల తప్పు కాదు. కంపుకి మూసుకోక ఏం చేస్తది? ఇన్నేళ్ళొచ్చి... ఎవరికీ కంపు కాకూడదనుకున్నా. బిళ్ళ ఆపితే ఉచ్చ తగ్గింది. అది బాగానే ఉందనుకున్నా. తూకం పెరిగితే మీరు ఆస్పత్రికి తోలతారు. అందుకే కర్ర...”

హరిబాబు మేఘ వైపు చూశాడు. లక్ష్మీతిరుపతమ్మ కూడా చూసింది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని మేఘకు అనిపించింది.

అయితే నర్సు శరీరం మనసు కోసం ఆగదు. ఆమె చేతులు అప్పటికే పనిలో పడ్డాయి. “హరీ, కుర్చీ తే. పడుకోబెట్టద్దు, కూసోబెట్టాలె. కాళ్ళు కిందికే ఉండనీ. అత్తమ్మా, కిటికీ తెరువుండ్రి.” వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. తొంభై మూడు. బీపీ చూసింది. డాక్టర్‌కు ఫోన్ చేసి, దాచకుండా అంతా చెప్పింది. చివర్లో, “తప్పు నాదే సార్. ఆరు దినాలు కాలు నొక్కి చూడలేదు, బిళ్ళ మింగిందాక నిలబడలేదు,” అంది.  తర్వాత డాక్టర్ చెప్పింది విని, “రెండు బిళ్ళలు ఇప్పుడే. రెండు గంటల్లో ఊపిరి తేలిక పడకపోయినా, తొంభై కిందికి దిగినా బండెక్కించాలి,” అని ఇంట్లో వాళ్ళకు అప్పజెప్పింది. హరిబాబు కారు తెచ్చి వాకిట్లో తలుపులు తెరిచి పెట్టాడు.

బిళ్ళలు అరచేతిలో పెట్టుకుని మేఘ మామగారి ఎదుట నేల మీద కూర్చుంది.

“మామా. ఒక మాట చెప్తా, విని మింగుండ్రి. ఆ రోజు కంపు వచ్చింది. అబద్ధం చెప్పను. కానీ కంపుకు నేను ముక్కు మూసుకోలేదు. వార్డుల గంతకంటె వందరెట్లు చూసిన. ఒక్కరి ముందు గూడ మూసుకోలేదు. అత్తమ్మ పెరుగు కుడితిల పోసింది కద, ఆ కోపం మీ మీద తీసుకున్న. మీకు కనబడాలనే మూసుకున్న.”

బాపయ్య తల ఎత్తాడు. “వార్డులో... ఎవరి ముందూ మూసుకోలేదా?”

“లేదు.”

“వాళ్ళు నీకు ఏమవుతారు?”

“ఏం గారు, మామా.”

ఆ మాట అంటుండగానే మేఘకు ఏడుపు ఆగలేదు. ఏమీ కాని వాళ్ళ కాళ్ళు రోజుకు రెండుసార్లు నొక్కి చూసింది. వాళ్ళ నోట్లో బిళ్ళ కరిగేదాకా నిలబడింది. సొంత ఇంటి మనిషిని నాలుగడుగుల దూరంలో వదిలేసింది. ఆమె తల ఆయన మోకాలికి తగిలేలా వంగి ఏడ్చింది. ఉబ్బిన ఆ కాలి మీద ఆమె నుదురు ఆనిన చోట కూడా గుంట పడింది.

“బిళ్ళ ఇటియ్యి,” అన్నాడు బాపయ్య. రెండూ నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నోరు తెరిచి చూపించాడు, బడిపిల్లాడిలా.

ముప్పావు గంటకు మందు పని మొదలుపెట్టింది. మేఘ కొలత గీతలున్న డబ్బా పట్టుకుంది. బాపయ్య మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మూడు వందల యాభై. ఇరవై నిమిషాలకు నాలుగు వందలు. డబ్బా నిండుతున్నకొద్దీ ఆమెకు ఊరటగా ఉంది. ఆ రంగు, ఆ వాసన, దేన్నీ ఆమె ముక్కు పట్టించుకోలేదు. అంకె ఒక్కటే చూస్తోంది.

మూడోసారి ఆమె డబ్బాను భర్త చేతికిచ్చింది.

“నేనా?” అన్నాడు హరిబాబు. మొహం పాలిపోయింది.

“నువ్వే. సోమవారం నేను డ్యూటీకి పోతా. ఇది నువ్వు నేర్చుకోవాలె. ఎంతుందో చూసి చెప్పు.”

హరిబాబు ఊపిరి బిగబట్టి డబ్బాను కంటికెదురుగా ఎత్తాడు. “ఐదు... ఐదు వందలు. నాన్నా, పంపుసెట్టు బాగానే ఉందిగా!” అన్నాడు. మరుక్షణం పెరట్లోకి పరుగెత్తి కుళాయి దగ్గర వాంతి చేసుకున్నాడు. అది వింటూ బాపయ్య ఆ రోజు మొదటిసారి నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది, కానీ దగ్గులో ముందున్న గరగర లేదు. క్లిప్పు తొంభై ఆరు చూపిస్తోంది. కారు తలుపులు మూసేశారు.

మధ్యాహ్నం మేఘ డబ్బా కడిగి బయట కుళాయి దగ్గరికి వచ్చింది. ఎర్ర సబ్బు కోసం చూస్తే అక్కడ లేదు. లక్ష్మీతిరుపతమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. రెండో చేతిలో తెల్ల సబ్బు.

“పట్టు చేతులు,” అంది.

మేఘ పట్టింది. ఆవిడ నీళ్ళు పోసింది. 

“పెరుగు పారబోశాను చూడు,” అంది చివరికి, నీళ్ళ వైపే చూస్తూ. “ఆ గిన్నె నేను కడగబట్టే ఆయన ప్రాణం మీదికొచ్చింది. నువ్వు ముక్కు మూసుకున్నదొకటి కాదులే. నేను రెండేళ్ళ నుంచి మూసుకునే ఉన్నా.”

“నేను గూడ మిమ్మల్ని ఉప్పు పెట్టినవన్న, అత్తమ్మా. చంపుతున్నవన్న.”

“అన్నావు. అది మర్చిపోనులే, ఇంకో పదేళ్ళు దెప్పుతాను.” ఆవిడ ముక్కు చీది కొంగుతో తుడుచుకుంది. “రాత్రికి పాలు కాచి పెడతాను. తోడు నువ్వెయ్యి. పుల్లగా వేశావంటే మాత్రం ఊరుకోను.”

“ఆవకాయ?”

“ఆవకాయ సంగతి వేరు,” అంది లక్ష్మీతిరుపతమ్మ వెంటనే. “అది నేను పోయాక కలుపుకో.”

ఆదివారం పొద్దున బాపయ్య మళ్ళీ కాటా దగ్గరికి వచ్చాడు. అరవై ఏడు దాకా దిగాడు, ఇంకా దిగాలి. హరిబాబు ముందు ఒంగి, మేఘ చూపించినట్టు, తండ్రి కాలి ఎముక మీద నొక్కి గుంట ఎంతసేపుందో లెక్కపెట్టాడు. కర్రను లక్ష్మీతిరుపతమ్మ తీసుకుని తలుపు బయట పెట్టింది.

కర్ర లేని బాపయ్య పలక మీద కొంచెం ఊగాడు. “చెయ్యి ఇవ్వమ్మాయ్,” అన్నాడు.

“చెయ్యిస్తే తూకం తప్పుతది మామా. నిలబడుండ్రి. మీరు పడితే నేను పట్టుకుంట.”

మేఘ గుమ్మం దగ్గర నుంచి వచ్చి ఆయనను ఆనుకునేంత దగ్గరగా నిలబడింది. రెండు చేతులూ ఆయన నడుము చుట్టూ, తగలకుండా, బెత్తెడు ఎడంగా చాచింది. అంకెలు ఊగుతున్నాయి. చెమట, కఫం, పంచె కలిసిన ఆ వాసన వస్తూనే ఉంది. అంకె నిలిచేదాకా ఆమె అక్కడే నిలబడింది.